బడిలో ఇవాళ ఏం జరిగింది? ప్రాథమిక పాఠశాల కబురు రోజూ ఇంటికి చేర్చే పద్ధతి

"ఇవాళ బళ్లో ఏం చెప్పార్రా?" అని అమ్మ అడుగుతుంది. "ఏం లేదు" అంటాడు రెండో తరగతి పిల్లవాడు. సాయంత్రం ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. వాడు అబద్ధం చెప్పడం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగినదాన్ని రెండు ముక్కల్లో చెప్పడం ఆ వయసుకు చేతకాదు. ఇంతకంటే మంచి ప్రశ్న అడుగుదామంటే అమ్మకు బడి సంగతులేవీ తెలియవు. ఆ సంగతులు ఆమెకు చేరవేయడం టీచర్లుగా మన పని.

మన బడుల నుంచి ఇళ్లకు వెళ్లే కబుర్లు ఎలా ఉంటాయో చూడండి. ఆధార్ జిరాక్స్ తెమ్మని, బ్యాంకు ఖాతా నంబరు ఇమ్మని, సంతకం పెట్టి పొమ్మని. లేదంటే "మీవాడు రావట్లేదు", "మీవాడు కొట్టాడు". గ్రూపులో ఫొటోలు వస్తాయి గానీ వాటిలో ఉండేది నోటు పుస్తకాలు పంచిన దాత, శాలువా కప్పుతున్న సర్పంచ్. బడి నుంచి ఫోన్ అంటే కాగితమో ఫిర్యాదో అని తేలిపోయాక జనం ఎత్తడం మానేస్తారు. అది వాళ్ల తప్పు కాదు.

ఇది ముఖ్యంగా ఒకరిద్దరు టీచర్లతో నడిచే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల కోసం రాసింది. యాప్‌లు కొనుక్కున్న ప్రైవేటు స్కూళ్లకూ చాలావరకు పనికొస్తుంది. యాప్‌లో రోజూ హోంవర్క్, నెలనెలా ఫీజు గుర్తుచేయడం తప్ప ఇంకేం కనిపించని స్కూళ్లు కూడా తక్కువేం కాదు కదా. ఇక చట్టం మాట. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ దీన్ని టీచరు విధుల్లోనే చేర్చింది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి చెప్పాలని అందులో ఉంది. అంటే ఇది మనం చేసే ఉపకారమేమీ కాదు, వాళ్లకు రావాల్సిన సమాచారం.

మొదటి అడుగు: జూన్‌లో కుటుంబాల పుస్తకం

మన రెండు రాష్ట్రాల్లో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తాం. అడ్మిషన్ రిజిస్టర్‌లో రాసి ఉన్న ఫోన్ నంబర్లను నమ్ముకోవద్దు. ఆ సిమ్ రీఛార్జ్ లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, లేదా అది తండ్రి నంబరు, ఆయన దుబాయ్‌లో ఉంటాడు. ఒక పెద్ద నోటు పుస్తకం తీసుకుని బిడ్డకో పేజీ కేటాయించండి. రాయాల్సినవి ఇవి:

- బిడ్డ రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది? అమ్మా, నాయనమ్మా, మేనమామా?
- ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది, ఏ వేళకు ఎత్తగలరు? వాట్సాప్ ఉందా, కీప్యాడ్ ఫోనా?
- తెలుగు చదవగలరా, వినడమే సులువా? ఇంట్లో మాట్లాడే భాష ఏది?
- మొదటి మనిషి దొరక్కపోతే ఎవరిని పిలవాలి?
- మూర్ఛ, ఆయాసం లాంటివి ఉన్నాయా? పడని తిండి ఏదైనా ఉందా?

వీటిని ఫారంగా ఇంటికి పంపితే సగం ఖాళీగా తిరిగొస్తాయి. బిడ్డను దిగబెట్టడానికి వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడి అడగడం మేలు. ఇంకా మంచి చోటు డ్వాక్రా సంఘం మీటింగ్. తల్లుల్లో చాలామంది అక్కడే దొరుకుతారు. సంఘం లీడరుతో ముందే మాట్లాడుకుని, వాళ్ల లెక్కలు అయ్యాక పావుగంట అడిగి తీసుకోండి.

ఫోన్ వేళ చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా తేడా అక్కడే వస్తుంది. పత్తి ఏరే రోజుల్లో, ఎండాకాలం ఉపాధి హామీ పనులప్పుడు తల్లి పొద్దున్నే వెళ్లిపోతుంది. పది గంటలకు ఫోన్ చేసి "ఎత్తరండీ వీళ్లు" అనుకుంటే లాభం లేదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు చాలా ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. మన సాయంత్రం వాయిస్ మెసేజ్ ఆయన డ్యూటీ దిగాక వింటాడు, ఆ రాత్రి వీడియో కాల్‌లో బిడ్డతో మాట్లాడడానికి ఒక విషయం దొరుకుతుంది. పాలమూరు నుంచి వలస వెళ్లిన తల్లిదండ్రులదీ ఇదే పరిస్థితి. వాళ్ల పేజీలో రెండు నంబర్లు ఉండాలి. ఒకటి ఊళ్లో ఉన్న అవ్వది, ఒకటి వాళ్లది.

గోండు గూడెంలోనో సవర గ్రామంలోనో లంబాడా తండాలోనో పనిచేస్తుంటే, తెలుగు మెసేజ్ నాయనమ్మకు పూర్తిగా అందకపోవచ్చు. ఆ భాష వచ్చిన తల్లిదండ్రుల్లో ఒకరిని పట్టుకుని, మీరు చెప్పింది వాళ్ల మాటల్లో రికార్డు చేయించండి. అర నిమిషం పని.

రెండో అడుగు: ఏది ఎప్పుడు చెప్పాలో ముందే తేల్చుకోవడం

అన్నీ ఒకే మెసేజ్‌లో కుక్కితే ఏదీ మిగలదు. నాలుగు వేళలు పెట్టుకోండి. బడి రోజు సంగతి సాయంత్రం. వారం మొత్తం నేర్చుకున్నది శనివారం. సెలవులు, టీకాలు, మాత్రలు, ఒంటిపూట బడులు, పరీక్షలు కనీసం రెండు రోజుల ముందు. దెబ్బ తగిలితే, జ్వరం వస్తే, బిడ్డ చెప్పకుండా బయటికి వెళ్తే ఆ నిమిషంలోనే, అదీ మెసేజ్ కాకుండా ఫోన్.

కాగితాల గోల మాత్రం విడిగా ఉంచండి. ఆధార్‌లో పేరు, అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు ఒకేలా లేకపోతే తర్వాత పథకాల దగ్గర ఇబ్బంది వస్తుంది నిజమే. అది వారంలో ఒక రోజు, ఆ ఇంటికి మాత్రమే చెప్పండి. రోజువారీ కబురులో దాన్ని కలిపితే మళ్లీ పాత కథే.

మూడో అడుగు: రోజువారీ మెసేజ్ రాయడం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మెసేజ్ బాగుందా లేదా చూసుకోవడానికి నేను ఒకటే పరీక్ష పెడతాను. అది చదివాక తల్లి బిడ్డను ఒక ప్రశ్న అడగగలగాలి, ఆ ప్రశ్నకు బిడ్డ "ఏం లేదు" అని తప్పించుకోలేకపోవాలి.

మనకు అలవాటైన రాత ఇలా ఉంటుంది: "ఈ రోజు మా పాఠశాల నందు విద్యార్థులచే గణిత కృత్యములు ఘనంగా నిర్వహించబడినవి." ఇది ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకు పనికొచ్చే వాక్యం. తల్లికి ఇందులో ఏమీ లేదు. అదే విషయం ఇలా రాయవచ్చు:

"నమస్కారం. ఇవాళ రెండో తరగతి వాళ్లు చింతగింజలు పదేసి చొప్పున కుప్పలు పెట్టారు. 47లో ఎన్ని పదులు, ఎన్ని విడివి ఉంటాయో ఇంట్లో అడగండి. అన్నంలో పప్పు, గుడ్డు. రేపు మామూలు బడి."

ఇందులో నాలుగు ముక్కలున్నాయి: చేసిన పని, అడగాల్సిన ప్రశ్న, తిన్నది, రేపటి మాట. రోజూ ఈ నాలుగే, ఇదే వరసలో. వాయిస్ అయితే అర నిమిషం దాటనివ్వద్దు. చదువురాని తల్లికి వాయిస్సే దిక్కు కాబట్టి రెండూ పంపండి, ఒకటి రాసి, ఒకటి చెప్పి. మరికొన్ని నమూనాలు:

"ఒకటో తరగతి వాళ్లకు ఇవాళ 'ల', 'ళ' తేడా చెప్పాం. పలక మీద కాకుండా నోటితో అడగండి: కల, కళ."

"ఐదో తరగతి పిల్లలు బడి ఆవరణలో ఉన్న చెట్ల పేర్లన్నీ రాశారు. కానుగ ఆకు, వేప ఆకు ఎలా గుర్తుపట్టారో చూపించమనండి."

"వాన వల్ల ఇవాళ ప్రార్థన వరండాలో జరిగింది. బోరు మోటారు కాలిపోయింది, రేపు నీళ్ల సీసా తప్పకుండా పంపండి. మూడో తరగతి వాళ్లు ఎక్కాల్లో ఏడు దాకా వచ్చారు. ఆరేళ్లెంతో అడగండి."

మూడో నమూనాలో మోటారు కాలిన సంగతి దాచలేదు చూడండి. బాగున్నవి మాత్రమే చెప్పే బడి మాటను ఊరు తొందరగా తేలిగ్గా తీసుకుంటుంది. ఎలాగూ బిడ్డ ఇంటికెళ్లి దాహమేసిందని చెబుతుంది. ఆ మాట మన నోటి నుంచే ముందు రావాలి.

ఐదు తరగతులుండి ఇద్దరే టీచర్లుంటే రోజూ ఐదు సంగతులు రాయలేరు, రాయక్కర్లేదు. సోమవారం ఒకటో తరగతి, మంగళవారం రెండు, ఇలా శుక్రవారానికి ఐదు పూర్తవుతాయి. శనివారం మొత్తం బడి. తల్లులకు తమ రోజు ఏదో త్వరలోనే గుర్తుండిపోతుంది.

ఇంకా తేలికైన దారి ఒకటుంది. నాలుగు, ఐదు తరగతుల పిల్లల్లో వారానికో జట్టును వార్తలకు పెట్టండి. బడి వదిలే ముందు బోర్డు మీద ఆ రోజు సంగతులు నాలుగు వాక్యాల్లో వాళ్లే రాస్తారు. తప్పులుంటే అక్కడికక్కడే అందరితో కలిసి దిద్దించండి, ఫొటో తీయండి, పంపండి. టీచరుకు ఐదు నిమిషాలు, పిల్లలకు రాత సాధన. టీచరు రాసినదానికంటే దీన్ని ఎక్కువమంది తెరిచి చూస్తారు, ఎందుకో చెప్పనక్కర్లేదు.

శనివారం మెసేజ్‌లో మాత్రం కొంచెం ముందుచూపు ఉండాలి. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలని 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ ప్రకారం ఒకటో తరగతి ముగిసేసరికి 99 వరకు, రెండుకు 999 వరకు, మూడుకు 9999 వరకు సంఖ్యలు చదవగలగాలి. తల్లిదండ్రులకు "లక్ష్యాలు, అభ్యసన ఫలితాలు" అని చెబితే తలాడిస్తారంతే. "మూడో తరగతి అయ్యేలోపు కరెంటు బిల్లు మీద నాలుగంకెల సంఖ్య ఏదున్నా చదవాలి, ఇంట్లో చూపించి చదివించండి" అంటే బిల్లు వెతుకుతారు.

నాలుగో అడుగు: కబురు వెళ్లే దారులు

వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఫోన్ లేని ఇళ్లు జారిపోతాయి, సాధారణంగా మన కబురు అందరికంటే ఎక్కువ అవసరమైనవి ఆ ఇళ్లే. గేటు పక్కన గోడకు ఒక నల్లబోర్డు పెట్టండి, బయటి నుంచి కనబడేలా. పొలానికి వెళ్తూ వస్తూ చదువుతారు. పాలకేంద్రం, రేషన్ షాపు దగ్గర నెలకోసారి ఒక కాగితం అంటించండి. మీటింగ్ లాంటివాటికి పంచాయతీ మైకో, చాటింపో ఇంకా బాగానే పనిచేస్తుంది. కీప్యాడ్ ఫోన్ ఉన్నవాళ్లకు పక్కింటి బిడ్డ ద్వారా నోటిమాట పంపండి, వారానికి ఒక్కసారైనా మీరే ఫోన్ చేయండి.

వాట్సాప్‌లో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి గ్రూప్. "అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు" అనే సెట్టింగ్ పెట్టండి. లేకపోతే గుడ్ మార్నింగ్ పూలు, లోన్ యాప్‌లు, ఎన్నికలొస్తే పార్టీ వీడియోలు వచ్చి పడతాయి. నోరు మూయించినట్టు ఉంటుందని కొందరు టీచర్లు అంటారు. ప్రశ్నలకు మీ నంబరు ఉంది, అది గ్రూప్ వివరణలో రాసి పెట్టండి. రెండోది బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లడం. అందులో ఒకరి నంబర్లు మరొకరికి కనబడవు, తల్లుల నంబర్లు బయటపడకూడదనుకుంటే ఇదే మేలు. చిక్కల్లా ఒకటే. మీ నంబరును వాళ్లు ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంటేనే అది చేరుతుంది. జూన్‌లో పుస్తకం రాసేటప్పుడే వాళ్ల చేతిలో ఫోన్ తీసుకుని సేవ్ చేసి ఇవ్వండి.

రాత్రి ఎనిమిది దాటాక మీరూ పంపకండి, వాళ్ల ఫోన్లూ అత్యవసరమైతే తప్ప ఎత్తనని మొదటి రోజే చెప్పండి. టీచరుకూ ఇల్లుంటుంది.

ఫొటోల గురించి. పని చేస్తున్న చేతులు, నోటు పుస్తకం, బోర్డు చాలు. ముఖాలు కనబడే ఫొటోలకు జూన్‌లోనే సంతకంతో అనుమతి తీసుకోండి. 18 ఏళ్ల లోపువారి డిజిటల్ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అన్నది 2023 డేటా రక్షణ చట్టం దారి. వద్దన్న ఇంటిని ఎందుకని అడగొద్దు. విడిపోయిన దంపతులు ఉండొచ్చు, మరేదో భయం ఉండొచ్చు. మార్కుల పట్టిక, రాని పిల్లల పేర్లు, బిడ్డ ఏడుస్తున్న వీడియో గ్రూపులో ఎప్పుడూ వేయొద్దు. సన్మానాల ఫొటోలు నెలకు ఒక్కటి చాలు.

ఐదో అడుగు: తిండి, మందులు

ఊళ్లో పుకారు పుట్టేది ఎక్కువగా ఈ రెంటి దగ్గరే. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతి బిడ్డకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు ఇవ్వాలన్నది జాతీయ ప్రమాణం. 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఈ అంకెలను, వారం మెనూను వంటగది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. వడ్డించేముందు టీచరు రుచి చూడాలన్న నియమం ఎలాగూ ఉంది. నెలలో కొన్ని రోజులు తల్లుల్ని కూడా వంతులవారీగా పిలవండి. మెనూ ప్రకారం గుడ్డు రావాల్సిన రోజు రాకపోతే ఆ సాయంత్రం మెసేజ్‌లో అదే రాయండి, కారణంతో సహా.

మాత్రలకు ముందు చెప్పడం, తర్వాత చెప్పడం మధ్య చాలా తేడా ఉంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినం, అల్బెండజోల్ నమిలి మింగిస్తారు. కడుపులో పురుగులు ఎక్కువున్న బిడ్డకు కాసేపు వికారం, కడుపునొప్పి రావచ్చు. ఐదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు వారానికి ఒకసారి గులాబీ రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. అది వేసుకుంటే మలం నల్లగా వస్తుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పని ఊళ్లలో మర్నాడు పొద్దున్నే బడి ముందు జనం ఉంటారు. రెండు రోజుల ముందు ఇలా చెప్పండి: "ఎల్లుండి అన్నం తిన్నాక రక్తం పట్టే మాత్ర ఇస్తాం. మర్నాడు విరేచనం నల్లగా రావచ్చు, భయం లేదు. బిడ్డకు జ్వరంగా ఉంటే ముందే చెప్పండి, ఇవ్వం." ఏఎన్‌ఎం లేదా ఆశా కార్యకర్త గొంతుతో రికార్డు చేయిస్తే ఇంకా నమ్ముతారు.

ఆరో అడుగు: రాని బిడ్డ, దెబ్బ తగిలిన బిడ్డ

హాజరు తీసుకున్న అరగంటలో రాని పిల్లల ఇళ్లకు ఫోన్ వెళ్లాలి. "ఎందుకు రాలేదు?" అని మొదలుపెడితే సంజాయిషీ అడిగినట్టుంటుంది. "అమ్మా, పాప ఇవాళ కనబడలేదు, ఒంట్లో బాగుందా?" అనండి. ఇంటి నుంచి బయల్దేరి బడికి చేరని బిడ్డ సంగతి బయటపడేది కూడా ఈ ఫోన్‌తోనే. అందుకే దీన్ని రేపటికి వాయిదా వేయకూడదు. బాల్య వివాహం, బాల కార్మికుల అనుమానం ఉంటే 1098కు చెప్పాలి. ఆ నంబరు బడి గోడ మీద ఉండాలి.

దెబ్బ తగిలినప్పుడు ముందు ప్రథమ చికిత్స, వెంటనే ఫోన్. మొదటి వాక్యంలోనే బిడ్డ ఎలా ఉందో చెప్పండి: "అన్నా, బాబు బాగానే ఉన్నాడు, ఆటలో పడి మోకాలు గీరుకుంది, కడిగి మందు రాశాం." "మీరొకసారి బడికి రండి" అని పెట్టేస్తే ఆ తండ్రి దారంతా ఎంత టెన్షన్ పడతాడో ఊహించండి. ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే రెండు ఇళ్లకూ విడివిడిగా చెప్పండి, ఒకరి పేరు మరొకరికి చెప్పే ముందు ఆలోచించండి. బిడ్డను ఇంట్లో కొడతారనిపిస్తే ఆ కబురు ఎలా చెప్పాలో మరింత జాగ్రత్త పడాలి. బడిలో శారీరక, మానసిక దండనను విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మన ఫిర్యాదు వల్ల అది ఇంట్లో జరిగితే మనం చేసిందేమిటి?

ఒక అలవాటు చేసుకోండి. ఏ ఇంటికైనా ఫిర్యాదు చేసే ముందు ఆ నెలలో ఆ ఇంటికి ఒక మంచి మాట వెళ్లిందో లేదో కుటుంబాల పుస్తకంలో చూడండి. అందుకోసం ఫోన్ చేసినప్పుడల్లా ఆ ఇంటి పేజీలో తేదీ, చెప్పిన విషయం ఒక్క ముక్కలో రాస్తూ ఉండండి.

ఏడో అడుగు: మీటింగ్

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న, 2025 జులై 10న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు జరిగాయి. తెలంగాణ అకడమిక్ క్యాలెండర్లు నెలలో మూడో శనివారాన్ని దీనికి కేటాయిస్తూ వచ్చాయి. పెద్ద పండుగలా జరిగే మీటింగ్‌తో ఊళ్లో కదలిక వస్తుంది, కాదనను. కానీ మైకులో ప్రసంగాలు అయ్యేసరికి తల్లి కూలికి టైమవుతుంది, తన బిడ్డ గురించి ఒక్క ముక్క వినకుండానే వెళ్లిపోతుంది. ప్రసంగాలు పది నిమిషాలకు కుదించండి. మిగతా వేళంతా ఒక్కో ఇంటికి ఐదు నిమిషాలు.

ఆ ఐదు నిమిషాల్లో మార్కులు చివర్న చెప్పండి. ముందు నోటు పుస్తకం తెరిచి జూన్ పేజీ, ఇవాళ్టి పేజీ పక్కపక్కన చూపించండి. చదవడం రాని తండ్రికి కూడా అక్షరాలు కుదురుకున్నాయో లేదో కంటికి తెలుస్తుంది. బిడ్డనే ఒక పేరా చదివించండి. తర్వాత "ఇంట్లో ఏం చేస్తాడు, దేని గురించి ఎక్కువ మాట్లాడతాడు?" అని అడిగి రాసుకోండి. ఇంట్లో ఏం చేయాలో ఒక్కటే చెప్పండి, ఐదు చెబితే ఒక్కటీ చేయరు. పగలు రాలేని వాళ్లకు సాయంత్రం వేళ ఇవ్వండి, లేదా ఫోన్‌లో అదే ఐదు నిమిషాలు.

స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు కావాలి అని చట్టం చెబుతుంది. చాలాచోట్ల వాళ్లు సంతకాలకే పరిమితం. గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అనేది ఒక కాగితం మీద రాసి గోడ బోర్డుకు అంటించండి. కమిటీ సభ్యులు ఊళ్లో సమాధానం చెప్పుకోగలుగుతారు, మన మీదా అనుమానాలు తగ్గుతాయి.

ఎనిమిదో అడుగు: తిరుగు కబురు, అప్పగింత

ఇళ్ల నుంచి వచ్చే మాటకూ దారి ఉండాలి. నెలకోసారి ఐదారు ఇళ్లకు ఫోన్ చేసి "మన మెసేజ్‌లలో ఏది పనికొచ్చింది, ఏది అర్థం కాలేదు?" అని అడగండి. పంపిన మెసేజ్‌కు నీలం టిక్కులు వచ్చాయి కదా అని తృప్తి పడొద్దు, ఫోన్ పిల్లల చేతిలో కూడా ఉంటుంది. నిజమైన లెక్క తరగతిలో దొరుకుతుంది. "నిన్న ఇంట్లో ఎవరైనా 47 సంగతి అడిగారా?" అని పిల్లల్ని అడగండి, చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టండి. ఎత్తని పిల్లల ఇళ్లకు దారి మార్చాలి: వాయిస్, పక్కింటి బిడ్డ, లేదా మీరే వెళ్లడం.

ఏప్రిల్‌లో బడి మూసే ముందు కుటుంబాల పుస్తకాన్ని బీరువాలో తాళం వేసి పెట్టి, హెచ్‌ఎంకు రాతపూర్వకంగా అప్పగించండి. మీకు బదిలీ అయితే గ్రూప్ అడ్మిన్ హక్కులు కొత్త టీచరుకు ఇచ్చి, ఆమెను పరిచయం చేస్తూ చివరి వాయిస్ మెసేజ్ పంపండి. తర్వాత మీ ఫోన్‌లోని పిల్లల ఫొటోలు తుడిచేసి, గ్రూపులోంచి బయటికి రండి.